వారసత్వపు నీటిచుక్క

సూరాయమ్మ ఇల్లు కురుస్తుంది. ఇందులో వింతేమీ లేదు. వానాకాలంలో గోదావరి గట్ల మీద కురవని ఇల్లు చూపించమంటే ఊరంతా గాలించాలి. కాకపోతే మిగతా ఇళ్ళు కురిస్తే ఓ గిన్నె పెడతారు, నిండితే పారబోస్తారు. సూరాయమ్మ ఇల్లు కురిస్తే పూతరేకులు కరిగిపోతాయి. బియ్యపు పిండి పాలలా జారుగా కలిపి, అందులో గుడ్డ ముంచి, కాలే కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే వచ్చే పొర అది. గాలికే నిలవదు, ఇక నీటిచుక్క పడితే రేకు ఉన్నచోట రేకు ఉండదు. పొద్దుటి నుంచీ ఆడవాళ్ళు నడుములు విరుచుకుని తీసిన కట్టలు ఒక్క జల్లుకి జావ అయిపోవడం సూరాయమ్మ కళ్ళారా చూసింది.

ఇల్లు కూడా మామూలు ఇల్లు కాదు. కొత్తలంకపాలెంలో దాన్ని పొగగొట్టం మేడ అంటారు. కాలవలు తవ్వించే రోజుల్లో ఊరికొచ్చిన ఇగ్గుమూరు దొరకి సొంతూరి మీద బెంగ పట్టుకుంది. అసలు పేరేమిటో ఆ దొరకే తెలియాలి, మనవాళ్ళ నోట అలా స్థిరపడింది. ఇంగ్లండులో వాళ్ళ నాన్నగారికి ఓ పల్లెటూరి మేడ ఉండేదట. అచ్చం అలాంటిదే ఇక్కడ కాలవ గట్టున కట్టించుకున్నాడు. మంచు పడితే జారిపోయేలా నిటారుగా పెంకుల కప్పు వేయించాడు. చలి కాచుకోడానికి హాలు గోడలో నిప్పుగూడు తొలిపించి, దాని మీద తాటిచెట్టంత పొగగొట్టం లేపించాడు. రోహిణి కార్తెలో కాకులు నోళ్ళు తెరుచుకుని కూలబడే ఊళ్ళో చలిమంటకి ఏర్పాటు! మంచు ఇంతవరకూ పడలేదు. వాన మాత్రం మొదటి ఏడే పడింది. పొగగొట్టం కప్పుని కలిసే మూల నుంచి, సరిగ్గా దొరగారి సూపు పళ్ళెంలోకి చుక్క రాలింది.

దొర అక్కడ సీసపు రేకు కొట్టించాడు. చుక్క ఆగలేదు సరికదా సీసం మీంచి ఇంకాస్త చురుగ్గా జారింది. రెండు వేసవులు చూసి, ఇల్లు లింటన్ దొరకి అంటగట్టి ఓడెక్కేశాడు. లింటన్ దొర మందుబాబు. చుక్క పడేచోట స్నానపు తొట్టి వేయించుకుని అందులో కూచునే తాగేవాడట. ఆయన దగ్గర మేడపాటి జమీందారుగారు కొన్నారు. వరుణదేవుడికి శాంతి చేయించారు, ఆ మర్నాడే కుంభవృష్టి. తరవాత రైసుమిల్లు కామరాజుగారు బెల్లం, సున్నం, ఊక కలిపి మెత్తిస్తే చీమలు పట్టాయి. ఆఖరికి సూరాయమ్మ మామగారు, బెల్లం వర్తకం సత్యంగారు కొని తారు పోయించారు. ఎండకి అది కరిగి ఆయన పట్టుపంచె మీదే కారింది. ఇల్లు చేతులు మారినప్పుడల్లా కొన్నవాణ్ణి చూసి నవ్వుకోవడం ఊరికి ఆనవాయితీ. అందుకని ఈ సంగతులు ఎవరూ మరిచిపోలేదు.

సూరాయమ్మ కాపరానికి వచ్చాక ఆ నిప్పుగూడుకి ఇన్నేళ్ళకి ఓ పని దొరికింది. కుండలు అందులో బోర్లించి, కింద ఎండు కొబ్బరాకులు మండిస్తే పొగంతా పొగగొట్టంలోంచి పైకి పోయేది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య, మొగుడింటి గూడు, రెండూ కలిసొచ్చాయి. ఆవిడ మొగుడు అబ్బులు మంచివాడు. సరుకు బండి మీద పెట్టుకుని ఊళ్ళు తిరిగి వేసొచ్చేవాడు, ఆవిడ మాటకి ఊఁ కొట్టేవాడు. అన్నీ బానే ఉన్నాయి, ఆ చుక్క ఒక్కటే పంటి కింద రాయి.

ఆ ఏడు మృగశిర రాకముందే తాపీమేస్త్రి సత్తెయ్యని పిలిచి కప్పెక్కించింది. సత్తెయ్య పొద్దంతా పాకి, చెమటలు కక్కుతూ దిగి, దొరల కాలం నుంచీ అందరూ పొగగొట్టానికి ఇవతలే అతుకులు వేశారని, చిల్లేమో అవతల కాలవ వైపుందని, అటు వెళ్ళడానికి భయపడి ఎవరూ చూడలేదని చెప్పాడు. నాలుగు పెంకులు మార్చి కాస్త సిమెంటు పట్టిస్తే చాలన్నాడు. సూరాయమ్మ దేవుడి గూటికేసి దణ్ణం పెట్టుకుంది. సత్తెయ్య సిమెంటు కలుపుతుండగానే గుమ్మంలో జీపు ఆగింది.

దిగినాయన పూతరేకులు కొనుక్కుందామని దిగాడు. ఆయన పేరు చక్రధరరావు. పురాతన కట్టడాల పూర్వవైభవ పునరుద్ధరణ మండలి అని కొత్తగా వెలిసిన ఆఫీసుకి ప్రత్యేకాధికారి. ఆఫీసు వెలిసిందే గాని, పునరుద్ధరించడానికి ఆయన వాటాకి ఇంకా ఒక్క కట్టడమూ రాలేదు. తలెత్తి పొగగొట్టం చూశాడు. పూతరేకులు కట్టివ్వమన్న మాట మరిచిపోయాడు.

"పని నిలుపుదల చేయండి" అన్నాడు సత్తెయ్యతో. తరవాత సూరాయమ్మకేసి తిరిగి, "అమ్మా, మీరు నివసిస్తున్నది గృహము కాదు. వారసత్వ సంపద" అన్నాడు.

"సంపదే అయ్యుంటుందండి. కానీ కురుస్తుందండి."

"కురియుట ద్వితీయ విషయం. సదరు కట్టడమునకు తొలి యజమాని ఎవరో నిర్ధారణ కావలెను. ఆయన కాలమున ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితికి తెచ్చుటయే మండలి వారి ధ్యేయం. అంతవరకు పెంకు కదపరాదు."

తొలి యజమాని ఎవరో కావాలంటే ఇప్పుడే చెబుతానని సూరాయమ్మ ఇగ్గుమూరు దొర దగ్గర్నుంచి వరసపెట్టి అప్పజెప్పింది. చక్రధరరావు చెయ్యి అడ్డం పెట్టేశాడు. జనం చెప్పుకునేది వదంతి అవుతుందిట, చరిత్ర చెప్పడానికి మండలివారు ఆచార్యుణ్ణి నియమించారుట. ముందు చరిత్ర, తరవాత కప్పు. సత్తెయ్య కలిపిన సిమెంటు అక్కడే గట్టిపడిపోయింది. పోనీలెండని సూరాయమ్మ ఆయన్ని కూచోబెట్టి రెండు రేకులు పెట్టి, ఇంటికి ఓ పొట్లం కట్టిచ్చి పంపింది. ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త నోటితో పంపితే గోదావరివాళ్ళకి నిద్ర పట్టదు. ఆ మర్యాదే కొంప ముంచుతుందని ఆవిడకేం తెలుసు పాపం.

చరిత్రకారుడు వచ్చాడు. ఆచార్య కుటుంబశాస్త్రి, బట్టతల, భూతద్దం, ఏనాడూ ఎవరూ కడుపునిండా పెట్టని మనిషిలా ముఖం. ఇల్లంతా కలియతిరిగి, గోడలు తట్టి, చతికిలబడ్డాడు. సూరాయమ్మ నేతిపూతరేకులు పళ్ళెంలో పెట్టింది. ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అది కరిగేదాకా తెరవలేదు. పళ్ళెం ఖాళీ అయ్యాక, ఈ ఇంటికి సత్యంగారికి ముందు కామరాజు అనే రైసుమిల్లు యజమాని ఉండినట్టు తన పరిశోధనలో తేలిందని ప్రకటించాడు.

కామరాజుగారి రోజుల్లో ఈ కప్పుకి బెల్లం, సున్నం మెత్తిన కూలీలు అప్పుడు వీధరుగు మీదే కూచుని ఉన్నారు. ఆ మాటే సూరాయమ్మ చెప్పబోయింది. అబ్బులు ఊరుకోమని కళ్ళతో సైగ చేశాడు. చరిత్ర అయిపోయిందా బాబూ, పెంకులు వేసుకోవచ్చా అని అడిగితే, ఆచార్యులవారు ఖాళీ పళ్ళెం వంక చూసి నిట్టూర్చి, "చరిత్రను తొందరపెట్టరాదమ్మా. కామరాజుకు ముందెవరో తేల్చవలసి ఉన్నది. వచ్చే వారం వస్తాను" అన్నాడు.

ఈలోగా మండలి నుంచి తాఖీదు వచ్చింది. తొలి యజమాని ప్రస్తుతానికి కామరాజు కనక ఇల్లు ఆయన కాలానికి చేరాలి. ఆయనకి ఫ్రిజ్జు లేదు, మిక్సీ లేదు, టీవీ లేదు. మూడూ పక్కింట్లో పెట్టించారు. వచ్చే వారం ఆచార్యుడొచ్చి, ఈసారి జున్ను కూడా తిని, జమీందారుగారిని కనిపెట్టాడు. జమీందారుగారి హయాంలో ఊరికి కరెంటు రాలేదు. వైర్లు పీకేశారు. ఫ్యాన్లు విప్పుతుంటే సూరాయమ్మ ఉండబట్టలేక, ఎంతమంది చేతులు మారినా మారనిదేదీ ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదా అని చక్రధరరావుని నిలదీసింది.

"ఉన్నది" అన్నాడాయన గంభీరంగా. "సమస్త యజమానుల కాలములందును మార్పు చెందక సంక్రమించినది ఏదైనా ఉన్న పక్షమున, దానిని అవిచ్ఛిన్న వారసత్వము అందురు. దాని జోలికి మేము కాదు, భగవంతుడు సైతం పోరాదు. ఫ్యాను ఆ కోవకు చెందదు."

ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వచ్చింది, వానలు దంచేస్తున్నాయి. శ్రావణమాసం పెళ్ళిళ్ళకి ఒప్పుకున్న రేకుల్లో సగం చుక్కపాలయ్యాయి. పని చేసే ఆడవాళ్ళు చీకట్లో దీపాల వెలుతుర్లో రేకులు తీస్తుంటే ఒకటి మందంగా, ఒకటి చిల్లుగా వచ్చేవి. సూరాయమ్మ గొడుగు తాడుతో కట్టి కుండల మీద వేలాడదీసింది. గొడుగు కమాను చివరినుంచి నీళ్ళు ఇంకో చోట పడ్డాయి. ఆచార్యుడు మాత్రం వారం తప్పకుండా వచ్చాడు. ఆవిడ పెట్టింది తినడం, మధ్యమధ్య కొత్త యజమానిని ఒకణ్ణి దింపడం. పెట్టడం మానేస్తే చరిత్ర కూడా ఆగిపోతుందేమో ఆలోచించమని అబ్బులు మెల్లిగా సలహా చెప్పాడు.

"గుమ్మంలోకొచ్చిన మనిషి ముందు మనం తింటూ కూచోమంటారా?" అంది సూరాయమ్మ. అబ్బులు ఊఁ కొట్టాడు.

లింటన్ దొర బయటపడ్డాక మరుగుదొడ్డికి లక్కముద్ర పడింది. లింటన్ దొర కాలానికి అలాంటి సదుపాయం లేదుట. మొగుడూ పెళ్ళాం తెల్లారగట్ల చెంబు పట్టుకుని పక్కింటి తలుపు తట్టే గతి పట్టింది. పిచ్చి ముదిరింది తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికొకడు. అక్కడితో ఆగిందా? ఇగ్గుమూరు దొర తేలిన మర్నాడు మండలివారు అసలు లోపం కనిపెట్టారు. దొర మేడ అంటే మేడ ఉంది గాని, దొర లేడు.

దొరని నియమించారు. పర్మనెంటు పోస్టు కాదు, అవుట్‌సోర్సింగు. పోలినాయుడని పక్క ఊరివాడు, మనిషి కాస్త పచ్చగా ఉంటాడని ఏజెన్సీవాళ్ళు పంపారు. ఉన్ని కోటు, టోపీ, బూట్లు ఇచ్చి వరండాలో పడక్కుర్చీలో కూచోబెట్టారు. పొద్దున పది నుంచి సాయంత్రం అయిదుదాకా విసుగ్గా కాలవకేసి చూడటం అతని డ్యూటీ. ఆ కోటులో అతనికి విసుగు ప్రత్యేకంగా నటించాల్సిన పని లేకపోయింది. మధ్యాహ్నానికి మొహం ఎర్రగా కందిపోయి నిజంగానే దొరలా తయారయ్యేవాడు. సూరాయమ్మకి జాలేసి మజ్జిగలో అల్లం, కరివేపాకు నలిపి ఇచ్చేది. డ్యూటీలో ఉన్న దొర మజ్జిగ తాగకూడదని అతను బిక్కుబిక్కుమంటూ చుట్టూ చూసి, టోపీ అడ్డం పెట్టుకుని తాగేవాడు.

ఇల్లు కట్టించినవాడే దొరికాడు కనక ఇక దీనికి ముందు ఎవరూ ఉండే అవకాశం లేదు, పీడ వదిలిందని సూరాయమ్మ సంతోషపడింది. ఆ సంతోషంలో ఆచార్యుల వారికి వీడ్కోలు విందు ఏర్పాటు చేసింది. చరిత్ర ముగిసినందుకు ఆయన విస్తరి ముందు దిగులుగా కూచున్నాడు. సూరాయమ్మ గుత్తివంకాయ వడ్డించింది. పెరట్లోని లేత కాయలు, కొబ్బరి, నువ్వులు వేసి దింపిన కూర. ఆచార్యుడు మొదటి ముద్ద తిని ఆగాడు. రెండో ముద్ద తిని లేచి, ఎంగిలి చేత్తోనే పెరట్లోకి నడిచాడు. అక్కడ ఎప్పటిదో ఏతం రాయి ఒకటి భూమిలో సగం కూరుకుపోయి ఉంది. దాని ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఏతం ఉందంటే నీళ్ళు తోడేవారు. నీళ్ళు తోడేవారంటే తోట ఉండేది. ఇంత గొప్ప వంకాయలు కాసే నేల కనక అది వంగతోటే అయి తీరాలి. కాబట్టి ఇగ్గుమూరు దొరకన్నా ముందు ఈ జాగాకి వంగతోట రైతు ఒకడు యజమానిగా ఉండేవాడు. ఈ సిద్ధాంతాన్ని ఆచార్యుడు రాతపూర్వకంగా సమర్పించి, తోట గురించి లోతైన పరిశోధన కోసం ఇంకా చాలా వారాలు రావలసి ఉంటుందని కూడా జతచేశాడు.

తాఖీదు ఈసారి చక్రధరరావే స్వయంగా పట్టుకొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"అభినందనలమ్మా. మీ స్థలము రాష్ట్రములోనే తొలి వారసత్వ వంగతోటగా ప్రకటింపబడినది. తొలి యజమాని కాలమున ఇచ్చట కట్టడమేదియు లేదు. కావున ఈ మేడ తదనంతర ఆక్రమణ కిందికి వచ్చును. తొలగించి, యథాపూర్వముగా వంగనారు నాటెదము."

"ఇల్లు కాపాడతామని వచ్చారు కదండీ."

"కాపాడుచున్నాము. ఇంటికి పూర్వమున్న స్థితిని."

వచ్చే సోమవారం ఆఫీసులో ఆఖరి విచారణ, చెప్పుకోవలసింది ఉంటే వచ్చి చెప్పుకోవచ్చన్నాడు. ఆ మర్నాడు మట్టి తవ్వే యంత్రం వస్తుంది. వంగనారు ఇప్పటికే కొనేశారుట, ఆలస్యమైతే వాడిపోతుందిట.

ఆయన వెళ్ళాక సూరాయమ్మ నిప్పుగూడు ముందు కూలబడి ఏడ్చింది. కాపరానికొచ్చిన కొత్తలో ఈ గూడు చూసి అత్తగారితో, ఇది నాకిచ్చెయ్యండి అత్తయ్యా అని అడిగిన రోజు గుర్తొచ్చింది. తనని నమ్ముకుని పొద్దున్నే చంకలో పిల్లల్ని వేసుకుని వచ్చే ఆడవాళ్ళు గుర్తొచ్చారు. ఈ గూడు పోతే వాళ్ళకి ఏం చెబుతుంది? బయట వాన జోరుగా పట్టుకుంది. ఒంగి ఏడుస్తున్న ఆవిడ మెడ మీద టప్పున చుక్క పడింది. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"దొరలు పోయారు, రాజులు పోయారు, కరెంటు పోయింది, మరుగుదొడ్డి పోయింది, ఇప్పుడు ఇల్లే పోతుంది. నువ్వు మాత్రం కదలవు కదే ముదనష్టపుదానా" అని పైకి చూసి తిట్టింది. తిట్టి, కాసేపు అలాగే పైకి చూస్తూ ఉండిపోయింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, అబ్బులుని పిలిచి సోమవారానికి పట్టుచీర తియ్యమంది.

విచారణలో మండలి సభ్యులు వరసగా కూచున్నారు. ఆచార్య కుటుంబశాస్త్రి ఓ చివర ఉన్నాడు. సూరాయమ్మ చేతులు ఊపుకుంటూ వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ ఒకరి దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళడం అదే మొదలు. ఆచార్యుడు ఆవిడ చేతులకేసి చూసి, వెనకాల అబ్బులు చేతులకేసి చూసి, దిగాలుపడిపోయాడు.

"మీరే సెలవిచ్చారు కదండీ" అంది సూరాయమ్మ చక్రధరరావుతో. "ఎంతమంది చేతులు మారినా మారకుండా వచ్చిందాన్ని దేవుడు కూడా ముట్టుకోకూడదని."

"సెలవిచ్చితిని. అట్టిది మీ కట్టడమున లేదు గదా."

"ఉందండి. ఇగ్గుమూరు దొర పళ్ళెంలో పడిందండి. లింటన్ దొర తొట్టిలో పడిందండి. రాజావారు శాంతి చేసినా, కామరాజుగారు బెల్లం మెత్తినా, మా మావగారు తారు పోసినా, ఆ మూలే, ఆ చోటే, ఇవాళ్టికీ పడతందండి. గోడలకి సున్నాలు మారాయి, నేలకి గచ్చులు మారాయి. మారంది ఆ చుక్కొక్కటేనండి. ఇల్లు పడగొడితే మరి అది ఎక్కణ్ణించి పడాలండి?"

అవిచ్ఛిన్న వారసత్వమనే మాట మండలి నిబంధనల్లో ఉండటమే గాని, అలాంటిది కంటితో చూసినవాడు ఆ ఆఫీసులో ఒక్కడూ లేడు. రాష్ట్రంలో తొలి వంగతోట గొప్పదే, కానీ వంగతోటలు పక్క జిల్లావాళ్ళు కూడా రేపు వేసుకోగలరు. చక్రధరరావు ఆచార్యుడికేసి తిరిగి, పండితాభిప్రాయం ఏమిటని అడిగాడు.

ఆచార్యుడు భూతద్దం తీసి తుడుచుకోసాగాడు. వంగతోట ఆయన సిద్ధాంతం, దాన్ని ఆయనే కాదనడం ఎలా? అప్పుడు సూరాయమ్మ ఆయనకేసి చూసి, మామూలుగా, ఇంట్లో వడ్డిస్తూ మాట్లాడుతున్నట్టు అంది.

"తోటలో వంకాయలుంటాయండి ఆచారిగారూ. పూతరేకులుండవండి."

ఇన్ని నెలల పరిశోధనలో ఈ కోణం ఆయనకి తట్టనే లేదు. ముఖం పాలిపోయింది. లేచి నిలబడి, వంగతోట సంగతి ఊహ మాత్రమేనని, జలబిందువు మాత్రం ప్రత్యక్ష ప్రమాణమని, తాను స్వయంగా అనేక పర్యాయాలు ఆ బిందువు కింద కూచుని తిన్నానని, అంటే పరిశోధించానని వాంగ్మూలం ఇచ్చాడు.

ఆ పూటే తీర్మానం ప్యాసయింది. చుక్క రక్షిత వారసత్వం. చుక్క నిలవాలంటే కప్పు నిలవాలి, కప్పు నిలవాలంటే గోడలు నిలవాలి కనక మేడ కూడా దానికి అనుబంధంగా ఉండవచ్చు. చుక్క అన్ని కాలాలదీ కాబట్టి ఇంట్లో ఏ కాలపు వస్తువైనా ఫరవాలేదు. ఫ్యాన్లు, ఫ్రిజ్జు తిరిగొచ్చాయి. మరుగుదొడ్డి లక్కముద్ర విప్పిన రోజున అబ్బులు కొబ్బరికాయ కొట్టాడు. కొన్న వంగనారు పాడుచెయ్యడం ఎందుకని సూరాయమ్మ పెరట్లో నాటించుకుంది.

అయితే చుక్కని ఆపే ప్రయత్నం ఎవరు చేసినా జైలే. సత్తెయ్యని ఇంటి చుట్టుపక్కల సిమెంటుతో కనబడకూడదని హెచ్చరించారు. ఇల్లు దక్కింది గాని రేకులకి మాత్రం మళ్ళీ గొడుగే గతి. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడలేదు సరే, కొండనాలుక అలాగే ఉండిపోయింది.

కార్తీకంలో మండలివారు శిలాఫలకం చేయించారు. ఈ చుక్కను ఆపినవారు శిక్షార్హులని మొదటి వరసలో చెక్కించారు. దాని కింద, ఇలాంటి వాటికి మామూలే, పెద్దలందరి పేర్లూ పట్టాలి. అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, సభ్యులు, మాజీ సభ్యులు, ఎవరి పేరు వదిలితే ఎవరికి కోపమో. చెక్కించుకుంటూ పోతే రాయి తలుపంత అయింది. దీన్ని ఎక్కడ ప్రతిష్ఠించాలన్నది చర్చకి వచ్చింది. వీధి గుమ్మమా, వరండానా?

నిబంధన ప్రకారం ఫలకం వారసత్వం పుట్టినచోటే ఉండాలి కదండీ అంది సూరాయమ్మ, ఏమీ ఎరగనట్టు.

చక్రధరరావు నిబంధనలు తిరగేసి, నిజమే, ఉత్పత్తిస్థానముననే ఉండవలెను అన్నాడు. ఉత్పత్తిస్థానం ఎక్కడుందో ఊళ్ళో ఒక్కడికే తెలుసు. సత్తెయ్యని గౌరవంగా జీపులో తీసుకొచ్చి, చేతిలో సిమెంటు పెట్టి మరీ కప్పెక్కించారు. కింద నించుని సూరాయమ్మ, పెద్దల పేర్లున్న రాయి, గాలివానకి ఊడితే అప్రతిష్ఠ, నాలుగు పక్కలా గట్టిగా పట్టించమని కేకేసి చెప్పింది. సిమెంటు ధారాళంగా వాడమని చక్రధరరావు కూడా ఆదేశించాడు. సత్తెయ్య పొగగొట్టానికి అవతల, కాలవ వైపు మూల, రాయిని బోర్లా పడుకోబెట్టినట్టు వాలుగా అమర్చి, చేవకొద్దీ సిమెంటు మెత్తి దిగొచ్చాడు. సూరాయమ్మ అతనికి రేకుల పొట్లం పెద్దది కట్టిచ్చింది.

మరుసటి వానాకాలం మొదటి పెద్ద వాన రోజున ప్రారంభోత్సవం. పెద్దలంతా హాల్లో తలలెత్తుకుని నించున్నారు. బయట ఆకాశానికి చిల్లు పడ్డట్టుంది. లోపల మాత్రం, ఆ మూల, ఇన్నేళ్ళుగా ఎవరికీ లొంగనిచోట, ఎండాకాలపు గచ్చులా పొడిగా ఉంది. పెద్దల మెడలు నొప్పి పుట్టాయి. చక్రధరరావుకి చెమటలు పట్టాయి. తన పేరు కూడా ఉన్న రాయి ఏ పని చేసిపెట్టిందో ఆయనకి కాసేపటికి అర్థమైంది. అధ్యక్షులవారి పేరున్న ఫలకాన్ని కదిపితే ఉద్యోగం ఊడుతుంది. చుక్క పడకపోయినా ఊడుతుంది.

ఆఖరికి మండలి ఆలోచించి దారి కనిపెట్టింది. మేడలో ఎలాగూ దొర ఒకడున్నాడు, కాలవకేసి చూడటం తప్ప పని లేదు. పోలినాయుణ్ణి అటక మీదికి బదిలీ చేసి, కొమ్ముచెంబు ఒకటి మంజూరు చేశారు. సందర్శకులు వచ్చినప్పుడు పైనుంచి, చారిత్రక వేగంతో, ఒక్కో చుక్కా వదలాలి. ఉన్ని కోటు తప్పినందుకు అతను పొంగిపోయాడు. ఆచార్యుడు వారం వారం వచ్చి, పళ్ళెం ముందు పెట్టుకుని, చుక్క చారిత్రకంగానే పడుతున్నదని ధ్రువీకరించి వెళ్తున్నాడు.

ఇప్పుడు పొగగొట్టం మేడలో రేకులు వానల్లోనూ ఎండాకాలంలో తీసినంత పలచగా వస్తున్నాయి. బయట బస్సు ఆగిన చప్పుడు వినబడగానే అటక మీది నుంచి గొంతు వినిపిస్తుంది.

"అమ్మగారూ, చుక్క వదలమంటారాండి?"

"ఆగు బాబూ" అంటుంది సూరాయమ్మ, కట్టలు లోపలి గదిలోకి చేరవేయిస్తూ. అన్నీ చేరాక కొంగు దులుపుకుని, ఇగ్గుమూరు దొర సూపు తాగిన చోట ఇత్తడి గిన్నె తెచ్చి పెడుతుంది.

"ఆఁ, ఇప్పుడు వదులు."